మద్యం, మత్తుమందులు: పరిశోధనలు ఏం తేల్చాయి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

మద్యం, మత్తుమందుల గురించి కొంతకాలంగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో కొన్ని ప్రశ్నలు పదేపదే కనిపిస్తున్నాయి. వాటిలో ఆరింటిని ఈ సంచికకు ఎంచుకున్నాం. ఇక్కడ ఇస్తున్నవి ప్రజారోగ్య పరిశోధనల ఆధారంగా రాసిన జవాబులు మాత్రమే. ఎవరి చికిత్స విషయంలోనైనా నిర్ణయం వారి వైద్యులతో మాట్లాడాకే తీసుకోవాలి.

ప్రశ్న: మా నాన్నగారు రోజూ రాత్రి కొద్దిగా మద్యం తీసుకుంటారు. మితంగా తాగితే గుండెకు మేలని ఎన్నో పరిశోధనలు చెప్పాయంటారు. ఈమధ్య నేను చదివిన వ్యాసంలో మాత్రం ఒక్క చుక్క కూడా సురక్షితం కాదని ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: మీ నాన్నగారు చెబుతున్న పరిశోధనలు కల్పితాలు కావు. అసలు తాగనివారి కన్నా కొద్దిగా తాగేవారిలో గుండెజబ్బు మరణాలు తక్కువగానూ, బాగా తాగేవారిలో ఎక్కువగానూ ఉన్నట్టు దశాబ్దాల పాటు చాలా అధ్యయనాలలో కనిపించింది. గ్రాఫు గీస్తే అది ఇంగ్లీషు అక్షరం ‘జె’ ఆకారంలో వస్తుంది. చిక్కల్లా ‘తాగనివారు’ అనే వరుసలో ఎవరెవరిని చేర్చారన్న దగ్గరే ఉంది. ఒకప్పుడు బాగా తాగి, ఆరోగ్యం చెడిపోయాక వైద్యులు చెబితే మానేసినవాళ్లు కూడా ఆ వరుసలోనే పడ్డారు. అప్పటికే జబ్బుపడిన వారితో పోలిస్తే కొద్దిగా తాగేవారు ఆరోగ్యవంతులుగా కనిపించడంలో వింత లేదు. పరిశోధకురాలు కే ఫిల్మోర్ నేతృత్వంలోని బృందం 2006లో అలాంటి 54 అధ్యయనాలను తిరిగి పరిశీలించినప్పుడు ఈ పొరపాటు లేనివి ఏడు మాత్రమే తేలాయి. ఆ ఏడింటిలోనూ మితంగా తాగడం వల్ల కలిగే రక్షణ అంటూ ఏమీ కనిపించలేదు. పైగా చాలాచోట్ల మితంగా తాగేవారు చదువులోనూ ఆదాయంలోనూ కాస్త మెరుగైన వర్గంవారు. వారి ఆయుష్షుకు కారణం గ్లాసులో ఉన్నదేనని ఎలా చెప్పగలం?

ఈ ముడిని విప్పడానికి 2019లో చైనాలో జరిగిన ఒక పరిశోధన చాలా తెలివైన దారి పట్టింది. తూర్పు ఆసియాలో చాలామందికి పుట్టుకతోనే వచ్చే ఒక జన్యు భేదం వల్ల, మద్యం తాగిన వెంటనే ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం ఒంట్లో పేరుకుపోయి ముఖం ఎర్రబడుతుంది, వికారం పుడుతుంది. అందువల్ల వారు తక్కువ తాగుతారు. ఏ జన్యువు ఎవరికి వస్తుందన్నది వారి డబ్బును బట్టో చదువును బట్టో ఉండదు కాబట్టి, ప్రకృతే చీటీలు వేసి జనాన్ని రెండు జట్లుగా విడదీసినట్టయింది. దాదాపు ఐదు లక్షల మందిని పదేళ్లపాటు గమనించి, వారిలో లక్షా అరవై వేల మంది జన్యువులను పరీక్షించగా, పురుషులలో మద్యం పెరిగేకొద్దీ పక్షవాతం ముప్పు పెరుగుతూనే పోయింది తప్ప మితంగా తాగేవారి దగ్గర ఎక్కడా కిందికి దిగలేదు. అదే జన్యువు ఉన్న మహిళలలో ఈ తేడా కనిపించలేదు, ఎందుకంటే అక్కడి మహిళలలో తాగేవారు చాలా తక్కువ. అంటే తేడా తెచ్చింది జన్యువు కాదు, మద్యమే.

ఇక క్యాన్సర్ మాట. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని మనుషులలో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన మొదటి వర్గంలో చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, మహిళలలో రొమ్ము క్యాన్సర్లకు దానితో సంబంధం ఉంది. రొమ్ము క్యాన్సర్ ముప్పు చాలా తక్కువ మోతాదు నుంచే మొదలవుతుంది. సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2023 జనవరిలో ప్రకటించింది ఈ ఆధారాలతోనే.

అయితే ‘సురక్షితం కాదు’ అనడానికీ ‘ఘోర ప్రమాదం’ అనడానికీ మధ్య చాలా దూరం ఉందనీ, పత్రికల శీర్షికలు ఆ దూరాన్ని చెరిపేస్తున్నాయనీ నా అభిప్రాయం. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన భారీ విశ్లేషణ అంకెలే చూడండి. అసలు తాగని లక్షమందిలో ఏడాదికి 914 మందికి మద్యంతో సంబంధం ఉండగల జబ్బో గాయమో కలుగుతుంది. రోజుకు ఒక డ్రింకు తాగే లక్షమందిలో ఆ సంఖ్య 918. రెండు తాగితే 977. ఐదు తాగితే 1,252. అక్కడ ఒక డ్రింకు అంటే 10 గ్రాముల శుద్ధ ఆల్కహాల్, అంటే 40 శాతం ఆల్కహాల్ ఉన్న మద్యం 30 మిల్లీలీటర్లకు కాస్త పైన. ఇంట్లో కొలత లేకుండా గ్లాసులో పోసుకునే ‘కొద్దిగా’ చాలాసార్లు దీనికి రెట్టింపు ఉంటుంది. మీ నాన్నగారు ఒకసారి కొలిచి చూసుకుంటే మంచిది. ఇష్టంతో తాగుతున్నానని ఆయన అంటే అది ఆయన నిర్ణయం, కానీ గుండెకు మందుగా తాగుతున్నానన్న మాటకు ఇప్పుడు ఆధారం నిలవదు.

ప్రశ్న: మద్యం ధర పెంచాలని ఆరోగ్య నిపుణులు ఎప్పుడూ అంటుంటారు. బానిసైనవాడు ఎంత ధరైనా పెట్టి కొంటాడు, ఇంట్లో పిల్లల నోటి దగ్గరిది లాక్కుని మరీ తాగుతాడు. దీనివల్ల నష్టపోయేది కుటుంబమే కదా?

జవాబు: మీరు చెప్పింది కొట్టిపారేయవలసిన మాట కాదు, దానికి ఆధారాలూ ఉన్నాయి. ముందు ధర వెనకున్న తర్కం చూద్దాం. మద్యం వల్ల కలిగే హాని అంతా వ్యసనపరుల ఇళ్లలోనే జరుగుతుందని మనం అనుకుంటాం. లెక్కలు అలా లేవు. తీవ్రంగా తాగే ఒక్కొక్కరికీ ముప్పు చాలా ఎక్కువే, కానీ వారి సంఖ్య తక్కువ. ఓ మోస్తరుగా తాగేవారిలో ఒక్కొక్కరికీ ముప్పు తక్కువే, కానీ వారు లెక్కకు మిక్కిలి. అందుకే వాహన ప్రమాదాలు, జారిపడడాలు, కొట్లాటలు, రక్తపోటు వంటి వాటిలో పెద్ద వాటా ‘మామూలుగా తాగేవారి’ నుంచే వస్తుంది. బ్రిటిష్ వైద్యుడు జెఫ్రీ రోజ్ 1980ల ప్రారంభంలో దీన్ని నివారణలోని వైరుధ్యంగా వివరించారు, మద్యం విషయంలో ఇది ఎలా వర్తిస్తుందో నార్మన్ క్రైట్‌మన్ 1986లో చూపించారు. ధర పెరిగినప్పుడు ఈ పెద్ద గుంపు కాస్త తగ్గిస్తే, ఆ కాస్త తగ్గుదలే ఆసుపత్రుల లెక్కలలో తెలుస్తుంది.

దీనికి తిరగేసిన ఉదాహరణ ఫిన్లాండ్‌లో దొరుకుతుంది. పొరుగున ఉన్న ఎస్టోనియా 2004 మేలో యూరోపియన్ యూనియన్‌లో చేరబోతోంది, అక్కడి చౌక మద్యం కోసం జనం సరిహద్దు దాటుతారన్న భయంతో, ఫిన్లాండ్ అదే ఏడాది మార్చిలో మద్యం పన్నును సగటున మూడో వంతు తగ్గించింది. వినియోగం పెరిగింది, ఆ ఏడాదే మద్యం సంబంధిత మరణాలూ పెరిగాయి. కొన్నేళ్లకు ప్రభుత్వం పన్నులను మళ్లీ పెంచుకుంటూ పోవలసి వచ్చింది.

స్కాట్లాండ్ మరో దారి ఎంచుకుంది. అది పన్ను పెంచలేదు. మద్యం ఏదైనా, అందులోని ప్రతి 8 గ్రాముల ఆల్కహాల్‌కు 50 పెన్నీల కన్నా తక్కువకు అమ్మకూడదని చట్టం చేసింది. ఖరీదైన మద్యం తాగేవారికి దీనివల్ల దాదాపు ఏ తేడా ఉండదు. తగిలేది అత్యంత చౌకగా అత్యంత ఘాటుగా దొరికే సరుకుకే. 2012లో చేసిన ఈ చట్టం పరిశ్రమ వేసిన దావాలను దాటుకుని 2018 మే 1న అమలులోకి వచ్చింది. ఆ చట్టం లేని ఇంగ్లండ్‌తో పోల్చి చేసిన మూల్యాంకనంలో, 2020 చివరి వరకు పూర్తిగా మద్యం వల్లనే సంభవించే మరణాలు 13.4 శాతం తగ్గినట్టు అంచనా వేశారు. ఆ తగ్గుదల అత్యంత పేద ప్రాంతాలలోనే ఎక్కువ. 2024 సెప్టెంబరులో ఆ కనీస ధరను 65 పెన్నీలకు పెంచారు.

ఇప్పుడు మీ అనుమానం దగ్గరికి వస్తే, అదే మూల్యాంకనంలో తీవ్రంగా బానిసలైనవారు తాగుడు తగ్గించినట్టు గట్టి ఆధారం దొరకలేదు. కొందరు తిండి ఖర్చు తగ్గించుకుని మద్యం కొన్నట్టు కూడా తేలింది. కాబట్టి ధర ఒక్కటే సరిపోదు. ధర కొత్తవారిని ఆ స్థితికి రాకుండా ఆపుతుంది, ఇప్పటికే అందులో ఉన్నవారికి చికిత్స అందుబాటులో ఉండాలి. ధర పెంచి, చికిత్సకు డబ్బు పెట్టని ప్రభుత్వం సగం పని చేసి, వచ్చే ఆదాయం మాత్రం పూర్తిగా తీసుకుంటున్నట్టు లెక్క.

ప్రశ్న: అయితే మద్యాన్ని పూర్తిగా నిషేధిస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

జవాబు: నిషేధం ఎప్పుడూ విఫలమే అనేవారూ, అమలు చేసే చిత్తశుద్ధి ఉంటే చాలు అనేవారూ ఇద్దరూ చరిత్రలో సగమే చదువుతున్నారు. అమెరికాలో 1920 నుంచి 1933 వరకు నిషేధం ఉంది. దాని తొలి ఏళ్లలో తాగుడు బాగా తగ్గింది. కాలేయ సిర్రోసిస్ (కాలేయం గట్టిపడి పనిచేయకుండా పోయే జబ్బు) మరణాలు కూడా తక్కువగానే ఉన్నాయి, అయితే ఆ తగ్గుదల నిషేధానికి ముందే మొదలైంది. మరోవైపు, పరిశ్రమలకు సరఫరా చేసే ఆల్కహాల్‌ను తాగడానికి పనికిరాకుండా చేయడానికి ప్రభుత్వం అందులో మిథనాల్ వంటి విషాలు కలిపించేది. దాన్ని దొంగచాటుగా శుద్ధి చేసి అమ్మితే కొని తాగినవారిలో చాలామంది చనిపోయారు. మిథనాల్ వాసనలో, రుచిలో మామూలు ఆల్కహాల్ లాగే ఉంటుంది. కాలేయం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మార్చేటప్పటికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి, తాగినవారు నిద్రపోయి, లేచేసరికి చూపు మసకబారుతుంది. కొద్ది మిల్లీలీటర్లతోనే కంటి నరం శాశ్వతంగా దెబ్బతినవచ్చు. నిషేధం ఉన్నా లేకపోయినా, ఎవరూ తనిఖీ చేయని మద్యం చలామణీ అయ్యే ప్రతి చోటా ఈ ముప్పు ఉంటుంది.

సోవియట్ యూనియన్‌లో గోర్బచేవ్ 1985 మేలో మొదలుపెట్టింది సంపూర్ణ నిషేధం కాదుగానీ, ఉత్పత్తిని, అమ్మకాలను బాగా కుదించిన ఉద్యమం. రష్యాలో పురుషుల సగటు ఆయుర్దాయం సుమారు 62 ఏళ్ల నుంచి రెండు మూడేళ్లలోనే 65కు చేరింది. ఏ ఆరోగ్య పథకమూ అంత తక్కువ వ్యవధిలో అంత ఫలితం ఇవ్వడం చాలా అరుదు. కానీ ఖజానాకు భారీగా గండి పడింది, ఇళ్లలో సారా కాయడం పెరిగి చక్కెరకు కొరత వచ్చింది, ప్రజలు విసిగిపోయారు, ఉద్యమాన్ని సడలించారు. ఆ తర్వాత ఆర్థిక వ్యవస్థ కుప్పకూలిన రోజులలో మద్యం చౌకగా పారింది. 1994 నాటికి ఆయుర్దాయం 58 కన్నా కిందికి పడిపోయింది. అదే రష్యా తరువాత నిషేధం జోలికి పోకుండా పన్నులు, కనీస ధర, రాత్రివేళ అమ్మకాలపై ఆంక్షలు, ప్రకటనలపై కట్టడి, ఉత్పత్తి నుంచి దుకాణం దాకా ప్రతి సీసాపై నిఘా వంటివి ఒకదాని తర్వాత ఒకటి తెచ్చింది. 2003 నుంచి 2016 మధ్య అక్కడ తలసరి వినియోగం 43 శాతం తగ్గినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక చెబుతోంది. ఒక్కసారిగా తెచ్చి వదిలేసిన కఠిన చర్య కన్నా, ప్రభుత్వాలు మారినా నిలిచే మధ్యస్థ చర్యలే ఎక్కువ ప్రాణాలు కాపాడతాయని నేను అనుకోవడానికి ఈ ఒక్క దేశపు రెండు అనుభవాలే ముఖ్య కారణం.

ప్రశ్న: మత్తుమందుల కన్నా మద్యమే ఎక్కువ హానికరమని ఒక శాస్త్రవేత్త తేల్చారట. మరి ఒకటి దుకాణంలో అమ్ముతూ, ఇంకొకటి ఉంటే జైల్లో పెట్టడం ఏం న్యాయం?

జవాబు: మీరు విన్నది డేవిడ్ నట్, ఆయన సహచరులు 2010లో లాన్సెట్‌లో ప్రచురించిన విశ్లేషణ గురించే అయి ఉండాలి. బ్రిటన్‌లో వాడకంలో ఉన్న 20 పదార్థాలను 16 ప్రమాణాలతో నిపుణులు తూచారు. వాడేవారికి కలిగే హాని, ఇతరులకు కలిగే హాని రెండూ కలిపితే మద్యానికి 72 మార్కులు, హెరాయిన్‌కు 55, క్రాక్ కొకైన్‌కు 54 వచ్చాయి. అయితే వాడే మనిషికి కలిగే హాని మాత్రమే తీసుకుంటే హెరాయిన్, క్రాక్, మెథాంఫెటమిన్ ముందు ఉంటాయి. ఇతరులకు కలిగే హాని కలిపాకే మద్యం మొదటికి వచ్చింది. అందుకు పెద్ద కారణం దాన్ని వాడేవారు అంతమంది ఉండడం. కాబట్టి ఈ పట్టికను చూసి ఒక సాయంత్రం హెరాయిన్ తీసుకోవడం మద్యం కన్నా మేలని అనుకుంటే అది ప్రాణాల మీదికి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో మద్యం వల్ల 26 లక్షల మంది, మత్తుమందుల వల్ల 6 లక్షల మంది చనిపోయారు. వాడేవారి సంఖ్యతో కలిపి చూస్తేనే ఈ రెండు అంకెలకు అర్థం ఉంటుంది.

న్యాయం మాట అలా ఉంచి, ఫలితం అడుగుదాం. పోర్చుగల్ 2001 జులై నుంచి సొంత వాడకం కోసం పది రోజులకు సరిపడేంత వరకు మత్తుమందు కలిగి ఉండడాన్ని నేరాల జాబితా నుంచి తీసేసింది. అమ్మడం మాత్రం నేరంగానే ఉంచింది. పట్టుబడినవారు కోర్టుకు కాకుండా న్యాయ, ఆరోగ్య, సామాజిక సేవా రంగాలవారు ఉండే కమిషన్ ముందుకు వెళతారు. అదే సమయంలో చికిత్సను, వాడిన సూదులు తీసుకుని శుభ్రమైనవి ఇచ్చే సూదుల మార్పిడిని బాగా విస్తరించారు. సూదులతో మందు ఎక్కించుకునేవారిలో ఏటా వెయ్యికి పైగా నమోదయ్యే కొత్త హెచ్‌ఐవీ కేసులు తరువాతి కాలంలో పదుల సంఖ్యకు దిగాయి. ఇందులో చట్టం వాటా ఎంత, చికిత్స వాటా ఎంత అని విడదీయడం కష్టం. చట్టం మార్చి చికిత్సను పక్కన పెట్టినవారికి పోర్చుగల్ ఫలితం వస్తుందని ఆశించడానికి ఆధారం లేదు.

ప్రశ్న: మా తమ్ముడు హెరాయిన్‌కు బానిసై ఇప్పుడు చికిత్సలో ఉన్నాడు. డాక్టర్లు బ్యూప్రెనార్ఫిన్ ఇస్తున్నారు. ‘ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేస్తున్నారు’ అని బంధువులంతా అంటున్నారు. వాడికి కూడా అన్నీ ఒక్కసారే మానేయాలని ఉంది. మానిపించమంటారా?

జవాబు: దయచేసి తొందరపడి ఆ మందు ఆపించకండి. ఈ జవాబులో మిగతాదంతా ఈ ఒక్క మాటకు వివరణే.

హెరాయిన్ ప్రభావం కొద్ది గంటలే ఉంటుంది. అది దిగిపోతూనే ఒళ్లు నొప్పులు, వాంతులు, వణుకు, నిద్రలేమి మొదలవుతాయి. వాటి నుంచి తప్పించుకోవడానికి మళ్లీ మందు, దాని కోసం డబ్బు, దాని కోసం అబద్ధాలు, రోజంతా ఇదే చక్రం. బ్యూప్రెనార్ఫిన్ కూడా మెదడులో హెరాయిన్ అంటుకునే గ్రాహకాలకే (మందు అతుక్కుని పనిచేసే చోట్లకే) అంటుకుంటుంది కానీ వాటిని పాక్షికంగానే ప్రేరేపిస్తుంది. మోతాదు ఎంత పెంచినా ఒక హద్దు దాటి ప్రభావం పెరగదు కాబట్టి ఊపిరి ఆగిపోయే ప్రమాదం హెరాయిన్‌తో పోలిస్తే చాలా తక్కువ. ఒక రోజుకు పైగా పనిచేస్తుంది కాబట్టి ఆ చక్రం ఆగుతుంది, మనిషికి పనికి వెళ్లే, నిద్రపోయే వీలు చిక్కుతుంది. 1960లలో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మారీ నైస్వాండర్ మిథడోన్ అనే ఇలాంటి మరో మందుతో ఈ పద్ధతిని మొదలుపెట్టారు. ఈ రెండు మందులూ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఉన్నాయి. అనేక దేశాల సమాచారాన్ని కలిపి చూస్తే, ఈ చికిత్సలో ఉన్న కాలంలో మరణాల రేటు, మానేసిన తర్వాతి కాలంలో ఉన్నదానిలో సగం కన్నా తక్కువ. రక్తపోటుకు ఏళ్ల తరబడి మాత్ర వేసుకునేవారిని మాత్రలకు బానిస అని ఎవరూ అనరు.

ఒక్కసారే మానేస్తే ఏమవుతుంది? మీ తమ్ముడి శరీరం ఇన్నాళ్లూ తట్టుకున్న మోతాదును కొద్ది వారాలలోనే తట్టుకోలేని స్థితికి వస్తుంది. మనసుకు మాత్రం పాత మోతాదే గుర్తుంటుంది. ఒక బలహీన క్షణంలో ఆ పాత మోతాదు తీసుకుంటే అదే ప్రాణాంతకం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవారిపై 2007లో ప్రచురించిన అధ్యయనంలో, విడుదలైన మొదటి రెండు వారాలలో ఓవర్‌డోస్ వల్ల చనిపోయే ముప్పు ఆ రాష్ట్రంలోని ఇతరులతో పోలిస్తే 129 రెట్లు ఉన్నట్టు తేలింది. మందు లేకుండా కొన్నాళ్లు ఉండి బయటికి వచ్చిన ప్రతి ఒక్కరికీ, అది జైలైనా డీఅడిక్షన్ కేంద్రమైనా, ఈ ప్రమాదం వర్తిస్తుంది. ‘పూర్తిగా మానేశాడు’ అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే ఆ వారాలలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం.

ఇంట్లోవాళ్లు తెలుసుకోవలసిన ఇంకో విషయం ఓవర్‌డోస్ లక్షణాలు. పిలిచినా, ఛాతీ మీద గట్టిగా రుద్దినా పలకకపోవడం, కంటిపాపలు సూదిమొనలంత చిన్నవి కావడం, ఊపిరి నిమిషానికి నాలుగైదు సార్లకు పడిపోవడం లేదా గురక వంటి గరగర శబ్దం, పెదవులు, గోళ్లు నీలంగా మారడం. ‘గురక పెట్టి నిద్రపోతున్నాడు’ అనుకుని వదిలేసిన సందర్భాలలో ప్రాణాలు పోయాయి. వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి, ఊపిరి ఆడకపోతే కృత్రిమ శ్వాస ఇవ్వాలి, ఊపిరి ఆడుతుంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నలాక్సోన్ అనే విరుగుడు మందు కొన్ని నిమిషాలలో శ్వాసను తిరిగి తెస్తుంది. దాని ప్రభావం అరగంట నుంచి గంటన్నర లోపే తగ్గిపోతుంది, మత్తుమందు ఇంకా ఒంట్లో ఉండవచ్చు కాబట్టి, లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లక తప్పదు. అది మీకు ఎలా అందుతుందో వైద్యులను అడిగి ముందే తెలుసుకోండి. ఇంకొక్క జాగ్రత్త: బ్యూప్రెనార్ఫిన్ వాడేటప్పుడు మద్యంగానీ నిద్రమాత్రలుగానీ కలిస్తే ఊపిరి అణగిపోయే ముప్పు మళ్లీ వస్తుంది.

ఇదే సందర్భంలో మద్యం గురించి కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ అతిగా తాగినవారు ఉన్నపళంగా మానేస్తే మూర్ఛలు రావచ్చు, రెండు మూడు రోజులకు భ్రమలు, తీవ్రమైన వణుకు, జ్వరంతో కూడిన ప్రమాదకర స్థితి ఏర్పడవచ్చు. చికిత్స అందకపోతే ఇది ప్రాణం తీయగలదు. గదిలో పెట్టి తాళం వేసి మాన్పించడం ప్రేమతో చేసినా ప్రమాదమే. వైద్యుల పర్యవేక్షణలో తగిన మందులు, థయమిన్ విటమిన్ ఇస్తూ మాన్పించాలి.

మందు ఎప్పుడు తగ్గించాలన్న ప్రశ్నకు నెలల లెక్క లేదు. మీ తమ్ముడు కొన్నాళ్లుగా నిలకడగా ఉండి, పనిలో కుదురుకుని, తనే కోరుకున్నప్పుడు వైద్యులు మెల్లగా తగ్గిస్తారు. కొందరు ఏళ్లపాటు వాడతారు. బంధువుల మాట కోసం తేదీ పెట్టుకోవద్దు.

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిని. మా బడిలో పిల్లలకు మత్తుమందుల మీద ఒక అవగాహన కార్యక్రమం పెట్టమన్నారు. మానేసినవారిని ఎవరినైనా పిలిచి మాట్లాడిస్తే బాగుంటుందా?

జవాబు: ఒక్కరోజు ఉపన్యాసం వల్ల పెద్దవాళ్లకు తృప్తి కలుగుతుంది, పిల్లల ప్రవర్తన మాత్రం మారినట్టు పరిశోధనలు చూపించలేదు. 1983లో లాస్ ఏంజిల్స్‌లో మొదలై, పోలీసు అధికారులు తరగతికి వచ్చి పాఠాలు చెప్పే ‘డేర్’ కార్యక్రమం అమెరికా అంతటా వ్యాపించింది. ఏళ్ల తరబడి మూల్యాంకనాలు చేస్తే, దానివల్ల పిల్లలు మత్తుమందులు వాడడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని తేలింది. భయపెట్టే బొమ్మలు, మానేసినవారి కథలు మాత్రమే ఉన్న కార్యక్రమాలదీ ఇదే దారి.

పనిచేసినవాటిలో నాకు బాగా నచ్చినది బాల్టిమోర్‌లో 1980ల మధ్యలో ఒకటో తరగతి పిల్లలతో చేసినది. తరగతిని జట్లుగా చేసి, పాఠం జరుగుతున్నప్పుడు అల్లరి తక్కువ చేసిన జట్లకు చిన్న చిన్న బహుమతులు ఇచ్చేవారు. మత్తుమందు ఊసే అందులో లేదు. ఆ పిల్లలు 19 నుంచి 21 ఏళ్ల వయసుకు వచ్చాక పరిశీలిస్తే, చిన్నప్పుడు దుడుకుగా ఉండి ఈ ఆట ఆడిన మగపిల్లలలో మత్తుమందుల సమస్యలు, ఆట ఆడని అలాంటి పిల్లలకన్నా గణనీయంగా తక్కువగా ఉన్నాయి. మీ దగ్గరికి ఏ సంస్థ కార్యక్రమంతో వచ్చినా, పిల్లలు శ్రద్ధగా విన్నారా అన్నది కాకుండా, ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఆ పిల్లలను గమనించారా, గమనిస్తే ఎవరితో పోల్చారు అని అడగండి. బడిలో ఉన్న సమయం తక్కువైతే, ఉపన్యాసానికి కేటాయించిన ఆ రోజును తరచూ గైర్హాజరవుతున్న పిల్లల ఇళ్లకు వెళ్లి మాట్లాడడానికి వాడుకోండి.